పైరంగు కింద కంపెనీ రంగు

పాత మారుతి 800 అమ్మకానికి పెట్టినప్పుడు ఎక్కువగా వినిపించే మాట "ఫుల్ బాడీ పెయింటింగ్ చేయించాం" అని. బండి మీద ప్రేమ ఉన్నవాళ్లు ఆ మాట వినగానే వేసుకోవలసిన ప్రశ్న ఒకటే: కింద కంపెనీ రంగు ఉందా, పోయిందా? చాలా బండ్లలో ఉంటుంది. పెయింటరు దాన్ని రేకు దాకా గీకి ఉండడు. పైరంగు పట్టడానికి గరుకు కోసం వాటర్ పేపర్‌తో (నీళ్లతో తడిపి రుద్దే గరుకు కాగితం) కాస్త రుద్ది, దాని మీదే ప్రైమరు, రంగు కొట్టి ఉంటాడు. అతను ఆరోజు తొందరలో వదిలేసిన పొరే ఇప్పుడు మనకు మిగిలిన ఆస్తి. పైరంగు తీసేసి, ఆ పొరను చెడకుండా బయటికి తేవడం ఎలాగో ఇక్కడ చెప్తాను.

ఆ పొరను కాపాడుకోవాలనడానికి కారణం పాతదనం మీద మమకారం ఒక్కటే కాదు. దాన్ని మళ్లీ ఎవరూ వెయ్యలేరు. ఫ్యాక్టరీలో వైర్లు, రబ్బర్లు, అద్దాలు బిగించకముందే ఉత్త బాడీని ప్రైమర్ తొట్టిలో ముంచి, కరెంటు సాయంతో మూలమూలకీ పూత పట్టించి, 160 డిగ్రీల పైన ఓవెన్‌లో కాలుస్తారు. తర్వాత సర్ఫేసరు (పైరంగుకు ముందు నున్నదనం కోసం వేసే పొర), పైరంగు, ఒక్కోటీ 140 డిగ్రీల దగ్గర కాలుతాయి. ఆ వేడికి రంగులోని రెసిన్ అణువులు ఒకదానితో ఒకటి ముడిపడి వలలా అల్లుకుంటాయి. బిగించి ఉన్న బండిని పెయింటు బూత్‌లో 60 నుంచి 80 డిగ్రీలు దాటించలేరు. దాటిస్తే రబ్బర్లు, ప్లాస్టిక్ దెబ్బతింటాయి. అందుకే గ్యారేజీ రంగులన్నీ వేరే పద్ధతుల్లో ఆరేవే. రెండు పొరలకూ ఉన్న ఈ తేడా మీదే మన పనంతా నడుస్తుంది.

ఇక్కడ చెప్పేదంతా 1980, 90ల నాటి మారుతి 800 లాంటి బండ్లు, తెలుపు, ఎరుపు లాంటి సాదా రంగులు దృష్టిలో పెట్టుకుని. పద్మిని, అంబాసిడర్లకూ చాలావరకు వర్తిస్తుంది. మెటాలిక్ రంగుల సంగతి చివర్లో చెప్తాను, ఎందుకంటే అక్కడ దిగబోయే ముందు రెండుసార్లు ఆలోచించాలి.

మొదట మందం కొలవాలి. ఇనుప రేకు మీద రంగు మందం చెప్పే గేజ్ ఇప్పుడు ఆన్‌లైన్‌లో మామూలుగా దొరుకుతుంది. దానితో వచ్చే ఇనుప బిళ్ల మీద సున్నా సరిచేసుకుని, ఒక్కో ప్యానెల్ మీద మూడు వరసలుగా తొమ్మిది చోట్ల కొలిచి, మాస్కింగ్ టేపు ముక్క మీద రాసి అక్కడే అంటించండి. 90 నుంచి 130 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) ఉంటే సాధారణంగా అది కంపెనీ రంగే. 200 నుంచి 300 ఉంటే దాని మీద ఒక రీపెయింట్. 400 దాటితే రెండు మూడుసార్లు కొట్టారు. ఒక్కచోట హఠాత్తుగా 800, 1500 అని ఎక్కితే అక్కడ పుట్టీ ఉంది. టింకరింగ్ చేసి, గ్రైండర్‌తో రేకు తేల్చి, పుట్టీ పట్టించారన్నమాట. అక్కడ కంపెనీ రంగు కోసం వెతకడం దండగ. ఆ చోటును పెన్సిల్‌తో చుట్టి ముట్టుకోకుండా వదిలెయ్యండి.

గేజ్ మొత్తం మందమే చెబుతుంది. ఏ పొర ఎంత ఉందో చెప్పదు. 120 అని చూపించినా అది పాత రంగు మొత్తం తీసేసి కొత్తగా కొట్టింది కావచ్చు. కాబట్టి ప్రతి ప్యానెల్‌కీ ఒక కిటికీ తెరవాలి. కంటికి ఆనని చోట, డోరు కింది అంచు దగ్గరో బానెట్ వెనక మూలనో, రూపాయి బిళ్లంత మేర 1500 వాటర్ పేపర్‌తో (నంబరు పెరిగేకొద్దీ గరుకు తగ్గుతుంది) సబ్బు నీళ్లు వేస్తూ గుండ్రంగా రుద్దండి. మధ్యలో గుంట పడేకొద్దీ ఉల్లిపాయ కోసినట్టు ఉంగరాలు కనిపిస్తాయి: పైరంగు, బూడిదరంగు ప్రైమరు, మళ్లీ రంగు, దాని కింద ఫ్యాక్టరీ సర్ఫేసరు, ఆ కింద ముంచిన ప్రైమరు, చివరికి రేకు. బయటి నుంచి లెక్కిస్తే రెండో రంగు ఉంగరం కనిపించి, అది పెట్రోలు మూత లోపల, డిక్కీ మ్యాట్ కింద, డోరు పిల్లర్ల మీద ఉన్న రంగుతో కలిస్తే కంపెనీ రంగు దొరికినట్టే. ఆ ఉంగరం వెడల్పు కూడా చూడండి. సన్న గీతలా ఉంటే పాత పెయింటరు బాగా రుద్దేశాడు, అక్కడ తీయడానికి మిగిలింది తక్కువ. కనీసం సగం పైన ప్యానెళ్లలో వెడల్పు ఉంగరం రాకపోతే పని మొదలుపెట్టకపోవడమే మంచిదని నా అభిప్రాయం. ఒక డోరు పాత రంగు, మూడు డోర్లు కొత్త రంగుగా మిగిలిన బండి ఎవరికీ నచ్చదు.

మనం కాపాడబోయే పైపొర మందం సుమారు 35 నుంచి 45 మైక్రాన్లు. ఎ4 కాగితం మందం దాదాపు 100. పని చేస్తున్నంతసేపూ ఈ లెక్క మనసులో ఉండాలి.

తర్వాత తెలుసుకోవలసింది పైరంగు జాతి. దూది ఉండను ఎన్‌సీ థిన్నర్‌లో తడిపి పైరంగు మీద పెట్టి, ఆరిపోకుండా పాలిథీన్ ముక్క కప్పి ఒక నిమిషం ఉంచండి. తీసి తుడిచినప్పుడు రంగు జావలా దూదికి అంటుకుంటే అది ఎన్‌సీ రంగు, అంటే నైట్రో సెల్యులోజ్. మన ఊళ్లలో చాలామంది ఇప్పటికీ డ్యూకో అనేది దీన్నే. ఇది థిన్నరు ఆవిరైపోవడం వల్ల మాత్రమే గట్టిపడుతుంది, కాబట్టి పాతికేళ్ల తర్వాత థిన్నరు తగిలినా మళ్లీ కరుగుతుంది. స్ప్రే డబ్బా రంగులూ చాలావరకు అంతే. రంగు కరక్కుండా ఉబ్బి, పాలమీగడలా ముడతలు పడితే అది గేట్లకు, లారీలకు వేసే సింథటిక్ ఎనామిల్. ఏమీ కాకపోతే, లేదా మెరుపు మాత్రం కాస్త తగ్గితే, హార్డనర్ (రంగును రసాయనికంగా గట్టిపరిచే ద్రవం) కలిపి కొట్టిన పీయూ రంగు, అంటే పాలీయురెథేన్.

ఇదే పరీక్ష కంపెనీ రంగు మీద కూడా చెయ్యాలి. దీన్ని చాలామంది వదిలేసి దెబ్బతింటారు. డిక్కీ మ్యాట్ కింద రెండు నిమిషాలు దూది పెట్టి చూడండి. కాల్చిన రంగైతే దూదికి పైపై బూజుపొర రంగు కాస్త అంటుతుంది, గోరుతో నొక్కితే గుంట పడదు. గోరు దిగబడితే, రంగు ధారగా వస్తే, ఆ బండికి థిన్నరు పద్ధతి పనికిరాదు. అప్పుడు పేపరు, బ్లేడు మాత్రమే.

ఎన్‌సీ రంగు పడటం అదృష్టం. ముందు బంపర్లు, లైట్లు, బీడింగ్ రబ్బర్లు, బ్యాడ్జీలు తీసెయ్యండి. మారుతి బంపరు ప్లాస్టిక్. థిన్నరు చుక్క పడినా మచ్చే. టెయిల్ లైటు అద్దమైతే పొగచూరినట్టయి చిట్లుతుంది. తియ్యలేనివాటికి వంటింటి అల్యూమినియం ఫాయిల్ చుట్టి అంచుకు టేపు వెయ్యండి. ఒట్టి మాస్కింగ్ టేపు కిందికి థిన్నరు పాకుతుంది. ఒక బానెట్‌కు సుమారుగా 2 లీటర్ల థిన్నరు, ఒక కిలో బనియన్ వేస్టు సిద్ధం చేసుకోండి. అడుగు పొడవు, అడుగు వెడల్పు చోటు మాత్రం తీసుకుని, తడి గుడ్డ పరిచి 60 సెకన్లు ఉంచి, ఒకే దిక్కుగా ఒక్క లాగు లాగండి. గుడ్డ మడత మార్చి ఇంకో లాగు. గుండ్రంగా రుద్దితే కరిగిన జావ మళ్లీ కంపెనీ రంగులోని పాత గీతల్లోకి వెళ్లి కూర్చుంటుంది. అది ఆరాక తీయడం పైరంగు తీయడం కంటే కష్టం. చివరి తుడుపు ఎప్పుడూ కొత్త గుడ్డతో, కొత్త థిన్నరుతో. ఒకే చోట మూడు నిమిషాలకు మించి థిన్నరు నిలవనివ్వకండి. కాల్చిన రంగు కరగదు గాని, ఎక్కువసేపు నానితే ఉబ్బి మెత్తబడుతుంది. తీసిన ప్యానెల్‌ను 24 గంటలు ఆరనిచ్చి అప్పుడే పేపరు గాని పాలిష్ గాని ముట్టించండి. మెత్తగా ఉన్నప్పుడు రుద్దితే ముద్దలా లేచిపోతుంది.

మన వాతావరణం ఇక్కడ జోక్యం చేసుకుంటుంది. మే నెలలో మధ్యాహ్నం రేకు మీద చెయ్యి పెట్టలేం. గుడ్డ పరిచేలోపే థిన్నరు ఆవిరైపోతుంది. పొద్దున్న ఎనిమిదిలోపు, నీడలో చెయ్యండి. వానాకాలంలో దీనికి తిరగబడిన చిక్కు: థిన్నరు ఆవిరవుతూ రేకును చల్లబరుస్తుంది, గాలిలో తేమ దాని మీద వాలుతుంది, మిగిలిన ఎన్‌సీ పొర తెల్లగా పాలు పోసినట్టవుతుంది. కంపెనీ రంగు పాడైందని కంగారుపడతారు. పాడవలేదు. ఎండ కాసిన రోజున మరోసారి కొత్త థిన్నరుతో తుడిస్తే పోతుంది.

పైన ఎరుపు, కింద తెలుపు ఉన్న బండికి ఇంకో జాగ్రత్త. కొన్ని ఎరుపు రంగుల పిగ్మెంటు థిన్నరులో కరిగి కారుతుంది. తెల్ల కంపెనీ రంగు లేత గులాబీ అయిపోతుంది. అలాంటప్పుడు ఎరుపును ముందు 600 వాటర్ పేపర్‌తో బూడిద ప్రైమరు కనిపించేదాకా దించి, ప్రైమరును మాత్రమే థిన్నరుతో తియ్యాలి. కొద్దిగా అంటిన గులాబీ ఛాయ పైన ఒకటి రెండు మైక్రాన్లలోనే ఉంటుంది, పాలిష్‌తో పోతుంది.

ఎనామిల్ ముడత పడితే గుడ్డతో తుడవకండి, జిగురులా సాగుతుంది. థిన్నరు గుడ్డ మీద పాలిథీన్ కప్పి రెండు నిమిషాలు ఉంచి, ముడతలు లేచిన వెంటనే ప్లాస్టిక్ స్క్రేపర్‌తో నెట్టెయ్యండి. పాత ఏటీఎం కార్డు దీనికి బాగా పనిచేస్తుంది. ఇనుప పట్టీ కన్నా మెత్తన, కంపెనీ రంగును గీరదు. మిగిలిన మరకలు కొత్త గుడ్డతో.

ఇక పీయూ. ఇదే అసలు కష్టం, ఇక్కడే ఓపిక కావాలి. పీయూ కూడా రసాయనికంగా ముడిపడ్డ రంగే కాబట్టి దాన్ని పోగొట్టగల మందు ఏదైనా కంపెనీ రంగునూ తినేస్తుంది. పెయింట్ రిమూవర్ జెల్ జోలికి పోవద్దు. పాత పెయింటరు రుద్దిన గీతల్లోంచి అది లోపలికి దిగి, మీరు తుడిచేలోపే రేకు తేలుస్తుంది.

అయితే మన గ్యారేజీల అలవాటు ఒకటి ఇక్కడ మనకు కలిసొస్తుంది. ఖర్చు తగ్గించడానికి పైన పీయూ కొట్టినా కింద ఎన్‌సీ సర్ఫేసరు వాడిన బండ్లు చాలా ఉన్నాయి. కిటికీ తెరిచినప్పుడు బూడిద ఉంగరం మీద థిన్నరు దూది పెట్టి చూడండి. బూడిదరంగు కరిగి వస్తే సగం పని తేలికైనట్టే. పైన పీయూను 320 పేపర్‌తో అడ్డంగా నిలువుగా రుద్ది, బూడిద మచ్చలు అక్కడక్కడ తేలేదాకా దించండి. ఆ మచ్చలే థిన్నరుకు దారులు. తడి గుడ్డ, పాలిథీన్, ఐదు నిమిషాలు. కింద సర్ఫేసరు ఉబ్బితే పైన పీయూ చేప పొలుసుల్లా లేస్తుంది, కార్డుతో నెట్టెయ్యవచ్చు. ఇక్కడ ఐదు నిమిషాలు ఉంచొచ్చు, ఎందుకంటే థిన్నరును సర్ఫేసరే తాగేస్తుంది. కాని కంపెనీ రంగు బయటపడ్డ చోటికి మళ్లీ 60 సెకన్ల లెక్కే.

కింద కూడా హార్డనర్ ప్రైమరే అయితే మిగిలింది చేతి పని. 800 వాటర్ పేపరు, గట్టి రబ్బరు బ్లాకు, బకెట్ నీళ్లలో రెండు చుక్కలు గిన్నెలు తోమే సబ్బు. బ్లాకు లేకుండా వేళ్లతో రుద్దితే వేలి కింద గాడులు పడతాయి. ఒకచోట రేకు తేలి పక్కనే ప్రైమరు మిగులుతుంది. పైరంగు పోయి ప్రైమరు తేలాక 1000కి మారండి. ప్రైమరు పలచబడి కింది రంగు నీడలా తెలిసిన క్షణాన 1500, మచ్చలుగా బయటపడగానే 2000. ఇక్కడ బూడిద ప్రైమరే మన దారి చూపే దీపం. పైరంగూ కింది రంగూ రెండూ తెలుపే అయినా మధ్యలో బూడిద ఉంటే ఎక్కడున్నామో తెలుస్తుంది. ప్రైమరు లేకుండా తెలుపు మీద తెలుపు కొట్టిన బండ్లలో ఆ ఆధారం ఉండదు గాని, అలాంటి రంగుకు పట్టు తక్కువ. హీట్ గన్‌తో రేకును చెయ్యి ఆనించలేనంత వేడి, అంటే 70, 80 డిగ్రీలు చేసి కార్డుతో నెడితే చాలాసార్లు పొరగా వచ్చేస్తుంది. 140 దగ్గర కాలిన రంగుకు ఆ వేడి ఒక లెక్క కాదు.

బొబ్బల్లా, దీవుల్లా మిగిలిన ప్రైమరుకు పేపరు కన్నా బ్లేడు మేలు. సింగిల్ ఎడ్జ్ బ్లేడు రెండు మూలలూ 1000 పేపరు మీద గుండ్రంగా అరగదీసి, దాదాపు నిలువుగా పట్టుకుని, మన వైపుకు లాగుతూ గీరాలి. నెట్టకూడదు. పేపరు దీవినీ చుట్టూ ఉన్న కంపెనీ రంగునూ కలిపి తింటుంది. బ్లేడు ఎత్తుగా ఉన్నదాన్నే కోస్తుంది. ఒక బానెట్‌కు ఇలా రెండు పూర్తి రోజులు పడుతుంది. మెషీన్ సాండర్ పెట్టి గంటలో తేలుస్తానన్నవాళ్లకు బండి అప్పగించకండి.

అంచుల సంగతి విడిగా చెప్పాలి. డోరు మీద పొడవునా వెళ్లే మడత గీత, బానెట్ ముందంచు, చక్రాల కమాను. రంగు తడిగా ఉన్నప్పుడే అంచుల మీద నుంచి జారి పలచబడుతుంది, పైగా పాత పెయింటరు రుద్దింది కూడా అక్కడే ఎక్కువ. మొదటి రోజే వాటి మీద 6 మిల్లీమీటర్ల టేపు వేసి, ప్యానెల్ అంతా అయ్యాక తీసి, 2000 పేపరు వేలికి చుట్టి నాలుగైదు లాగులతో ఆపండి. అంచు మీద సన్నని పైరంగు గీత మిగిలినా నష్టం లేదు. రేకు తేలితే అక్కడ కంపెనీ రంగును మళ్లీ తేలేం.

కంపెనీ రంగు పూర్తిగా బయటపడ్డాక దాని మీద వందల సన్న గీతలు కనిపిస్తాయి. అవి పాత పెయింటరు 220, 320 పేపర్‌తో రుద్దినవి. కొన్ని 10 మైక్రాన్ల లోతు ఉంటాయి. అన్నీ పోయేదాకా రుద్దాలన్న ఆశ సహజం. కాని 40 మైక్రాన్ల పొరలో 10 ఇచ్చేస్తే ఇంకో పదేళ్లలో పాలిష్ చేయడానికి ఏమీ మిగలదు. 2000, తర్వాత 3000తో తేలిగ్గా తడిపి రుద్ది, పాలిష్ మెషీను ఫోమ్ ప్యాడ్ మీద కటింగ్ కాంపౌండ్ (రుద్ది మెరుగుపెట్టే లేపనం) వేసి, 1200 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) దాటకుండా, ప్రతి రెండు పాస్‌లకూ గేజ్ పెట్టి చూస్తూ ఆపెయ్యమంటాను. మూడడుగుల దూరం నుంచి కనిపించని గీతను వదిలెయ్యండి. సాదా రంగుకు ప్యాడ్ మీద రంగు అంటడం మామూలే. తర్వాత నూనె గుణం ఉన్న గ్లేజ్, మెగ్వయర్స్ నంబర్ 7 లాంటిది, టర్కీ టవలు ముక్కతో దట్టించి రాత్రంతా వదిలి పొద్దున్న తుడిస్తే, ఎండి సున్నంలా మారిన తెలుపుకు, వెలిసిన ఎరుపుకు లోతు తిరిగొస్తుంది. పైన మామూలు కార్నౌబా మైనం. సిలికాన్ ఎక్కువున్న పాలిష్‌లు మాత్రం, టచప్ పనులన్నీ పూర్తయ్యేదాకా గ్యారేజీలోకి రానివ్వకండి. సిలికాన్ తగిలిన చోట రంగు చేపకన్నుల్లా విడిపోతుంది.

మెటాలిక్ రంగుల్లో పైన పారదర్శక లక్కర్, కింద 12 నుంచి 20 మైక్రాన్ల రంగు పొర ఉంటాయి. లక్కర్ పాత పెయింటరు రుద్దుడుకే సగం పోయి ఉంటుంది. ప్యాడ్‌కు వెండిరంగు అంటిందంటే లక్కర్ అయిపోయింది, మెరుపు రేణువులు లేస్తున్నాయి. అక్కడితో ఆపి, ఉన్నదాన్ని 2000తో మెత్తగా చేసి, కొత్త లక్కర్ కొట్టించుకోవడం తప్ప దారి లేదు.

రేకు తేలిన చిన్న చోట్లను అదే రోజు మూసెయ్యాలి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి ఉన్న ఊళ్లలో తడి పేపరు పట్టిన ఉత్త రేకు తెల్లారేసరికి గోధుమరంగు తిరుగుతుంది. తుప్పు ఉంటే 400తో గీకి, ఫాస్ఫారిక్ యాసిడ్ రస్ట్ కన్వర్టర్ సన్న కుంచెతో రేకు మీద మాత్రం పూసి, కంపెనీ వాడు చెప్పినంతసేపు ఉంచి, కడిగి ఆరబెట్టి, హార్డనర్ కలిపిన ఎపాక్సీ ప్రైమరు, దాని మీద రంగు చుక్కలు చుక్కలుగా వెయ్యండి. స్ప్రే గన్ తీశారంటే మచ్చ కోసం మొదలై డోరంతా కప్పేస్తారు. పుట్టీ ఉన్న ప్యానెల్‌కు స్ప్రే తప్పదు. దానికి రంగు కలిపించేటప్పుడు క్యాటలాగు కోడ్ ఇవ్వకుండా, పాలిష్ చేసిన పక్క ప్యానెల్‌ను చూపించి కలపమనండి. 30 ఏళ్లు ఎండకు మారిన తెలుపు కోడ్‌లోని తెలుపు కాదు.

ఆరోగ్యం గురించి. దుమ్ము మాస్కు థిన్నరు ఆవిరిని ఆపదు, ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జి ఉన్న మాస్కు కావాలి. నైట్రైల్ గ్లవ్స్‌ను అసిటోన్ ఉన్న థిన్నరు నిమిషాల్లో మెత్తబరుస్తుంది, వెంట వెంటనే మార్చండి. పాత పసుపు, నారింజ, ఎరుపు రంగుల్లో సీసం ఉండే అవకాశం ఉంది కాబట్టి పొడిగా రుద్దడం అనే మాటే వద్దు, బురదను గుడ్డతో ఎత్తి సంచిలో కట్టండి. ఎన్‌సీ అంటిన గుడ్డలు ఆరితే తుపాకి మందుకు దగ్గరి చుట్టాలు. ఎప్పటికప్పుడు నీళ్లున్న మూత డబ్బాలో వెయ్యాలి. కూలరు, గ్రైండరు, బీడీ, అన్నీ దూరం.

ఆఖరికి కాగితం పని. ఆర్‌సీలో రంగు రాసి ఉంటుంది. పాత యజమాని రీపెయింట్ రంగును ఆర్‌సీలో ఎక్కించి ఉంటే, ఇప్పుడు కంపెనీ రంగుకు ఆర్టీఏ ఆఫీసులో మళ్లీ మార్పించుకోవాలి. పద్మిని కన్నా ముందు వచ్చిన ఫియట్లు, పాత అంబాసిడర్లు ఉన్నవాళ్లకు ఇంకో సంగతి: 50 ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉన్న బండ్లకు కేంద్రం 2021 జూలైలో వింటేజ్ రిజిస్ట్రేషన్ తెచ్చింది. కొత్తగా చేయించడానికి రుసుము 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది. దానికి అప్లై చేసే ఉద్దేశం ఉంటే పైరంగు తీయకముందు, కిటికీలు తెరిచినప్పుడు, మొత్తం తీశాక, ఒకే కోణంలో ఫొటోలు తీసి గేజ్ రీడింగులతో కలిపి దాచండి.